ఫ్రేమ్ వంకరా, చక్రం వంకరా? కస్టమ్ సైకిల్ ఫ్రేమ్ అలైన్‌మెంట్ చూసుకోవడం ఎలా

కొలతలిచ్చి, నెలల తరబడి ఎదురుచూసి చేయించుకున్న ఫ్రేమ్. సైకిల్ బిగించుకుని మొదటిసారి చేతులు వదిలి తొక్కితే ఎడమకు లాగేసింది. అప్పుడు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఫ్రేమ్ చేసినాయనకు ఫోన్ చేసి "వంకరగా అతికారు" అని గట్టిగానే అన్నాను. ఆయన తాపీగా ఒక్కటే అడిగాడు: "ముందు చక్రం తిరగేసి బిగించి చూశారా?" చూడలేదు. చక్రం విప్పి, కుడి ఎడమలు మార్చి బిగించి తొక్కితే సైకిల్ ఈసారి కుడికి లాగింది. తప్పు ఫ్రేమ్‌ది కాదు, నేను సొంతంగా స్పోక్స్ బిగించుకున్న చక్రానిది. ఆడలేక మద్దెల ఓడన్నానన్నమాట.

ఆ రోజు నుంచి నా పద్ధతి ఒక్కటే. ఏ కొలతైనా రెండుసార్లు తీస్తాను, రెండోసారి తిరగేసి. తిరగేసినప్పుడు తేడా కూడా వైపు మారిందా, తప్పు మీరు తిప్పిన వస్తువుది. తేడా కదలకుండా అక్కడే ఉందా, అప్పుడు ఫ్రేమ్‌ను అనుమానించండి. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడుస్తాయి.

ముందుగా

ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. గట్టి సన్న దారం (చేపల గాలం దారమైనా, అల్లిన నైలాన్ దారమైనా సరే), స్టీల్ స్కేలు, వెర్నియర్ కాలిపర్, అర మీటరు పైన పొడవున్న నిటారైన అల్యూమినియం పట్టీ, 10 మి.మీ. లావున్న పొడవాటి బోల్టులు రెండు, వాటికి నట్లు, వాషర్లు. ఇవి చాలు. కాలిపర్ లేకపోతే స్కేలుతోనూ పని జరుగుతుంది కానీ అర మిల్లీమీటరు దగ్గర కన్ను మోసం చేస్తుంది.

పరీక్షకు సరైన సమయం సామాన్లు బిగించకముందు. ఇంకా మంచిది, పెయింట్ వేయకముందు. ఫ్రేమ్ చేసేవాళ్లతో మాట్లాడేటప్పుడే "పెయింట్‌కు పంపేముందు ఒకసారి చూస్తాను, లేదా మీరు తీసిన కొలతలు పంపండి" అని అడగండి. మంచి పనివాడు దీనికి నొచ్చుకోడు. పెయింట్ అయ్యాక తేడా బయటపడితే ఇద్దరికీ తలనొప్పే.

అసలు ఫ్రేమ్ పక్కకు ఎందుకు పోతుందంటే, వేడి వల్ల. అతుకు పెట్టినచోట కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుంటుంది, గొట్టాన్ని తన వైపు లాక్కుంటుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ఒకవైపు కాస్త, రెండోవైపు కాస్త అతుకుతూ పోతారు. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు కూర్చునే చోటు) దగ్గర వెంట్రుకవాసి లాగుడు, చైన్ స్టే (అక్కడి నుంచి వెనక ఇరుసుకు వెళ్లే గొట్టం) పొడవునా వెళ్లేసరికి డ్రాపవుట్ (ఇరుసు కూర్చునే గాడి ఉన్న కొస) దగ్గర మిల్లీమీటరు దాటిపోతుంది. తేడాలు ఎక్కువగా వెనక త్రికోణంలోనే, అంటే వెనక చక్రాన్ని పట్టుకునే గొట్టాల్లోనే, కనిపించడానికి కారణం అదే. మొదలు కూడా అక్కడే పెడదాం.

దారం పరీక్ష

ముందు డ్రాపవుట్ల మధ్య వెడల్పు కొలవండి, లోపలి ముఖం నుంచి లోపలి ముఖానికి. రిమ్ బ్రేకు రోడ్డు సైకిళ్లకు 130 మి.మీ., పాతకాలపు ఆరేడు గేర్ల వాటికి 126, ట్రాక్ ఫ్రేమ్‌లకు 120, క్విక్ రిలీజ్ (మీటతో బిగించే చక్రం) మౌంటెన్ బైకులకు 135, త్రూ యాక్సిల్ (ఫ్రేమ్‌లోంచి దూర్చి మరలో బిగించే లావాటి ఇరుసు) అయితే 142 లేదా 148. మీరు ఆర్డర్‌లో ఏం రాశారో దానితో పోల్చండి. 142 చూసి కంగారు పడొద్దు. అది 135 హబ్బే (చక్రం నడిమి భాగం), డ్రాపవుట్ లోపలికి హబ్బు కూర్చునే గాడి కోసం రెండు వైపులా మూడున్నర చొప్పున కలిసింది.

ఇప్పుడు దారం. ఒక కొసను ఎడమ డ్రాపవుట్‌కు కట్టి, ముందుకు తెచ్చి, హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కిందుండే పొట్టి గొట్టం) ముందు నుంచి చుట్టి, కుడి డ్రాపవుట్‌కు తీసుకెళ్లి బిగుతుగా కట్టండి. రెండు డ్రాపవుట్లలోనూ దారం ఒకే చోటు నుంచి బయల్దేరాలి. ఒకవైపు బయటి ముఖం మీదుగా, రెండోవైపు లోపలి ముఖం మీదుగా వెళ్తే డ్రాపవుట్ మందమంతా మీ కొలతలోకి వచ్చి కూర్చుంటుంది. దారం దారిలో ఎక్కడా గేర్ వైరు బొడిపెకో, బాటిల్ బోల్టుకో తగలకూడదు. మీటితే తీగలా మోగేంత బిగుతు ఉండాలి.

తర్వాత సీట్ ట్యూబ్ (సీటు కిందుండే నిలువు గొట్టం) పక్కన నిలబడి, గొట్టం అంచుకూ దారానికీ మధ్య ఖాళీని రెండు వైపులా కొలవండి. కాలిపర్ దారాన్ని తోయకూడదు. వెనక తెల్ల కాగితం పట్టుకుంటే దారం కదిలిందో లేదో తెలుస్తుంది. ఎడమవైపు 33.4, కుడివైపు 31.2 వచ్చిందనుకోండి. తేడా 2.2. దారాల నడిమధ్య గీత సీట్ ట్యూబ్ నడుమకు 1.1 మి.మీ. ఎడమగా పోతోందని అర్థం.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు సంగతి డ్రాపవుట్లు ఎంత పక్కకు పోయాయన్నది. దారం హెడ్ ట్యూబ్ దగ్గర మొదలై వెనక్కి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంది కదా. హెడ్ ట్యూబ్ నుంచి సీట్ ట్యూబ్‌కు దారం వెంబడి 550 మి.మీ., హెడ్ ట్యూబ్ నుంచి వెనక ఇరుసుకు 950 మి.మీ. అనుకుంటే, 1.1ని 950తో గుణించి 550తో భాగించండి. 1.9 మి.మీ. వెనక చక్రం దాదాపు రెండు మిల్లీమీటర్లు ఎడమకు నిలబడుతుందన్నమాట. మీ ఫ్రేమ్ పొడవులు మీరు కొలిచి వేసుకోండి.

ఇప్పుడు తిరగేయండి. దారం మొత్తం విప్పి, ఈసారి కుడి నుంచి మొదలుపెట్టి కట్టి, మళ్లీ కొలవండి. ముడి లావు వల్లో, దారం జారడం వల్లో తేడా వచ్చి ఉంటే అది ఎడమ నుంచి కుడికి మారిపోతుంది. రెండుసార్లూ ఒకేలా వస్తేనే కాగితం మీద రాయండి.

ఇంకో మెట్టు ఉంది, దీన్ని వదలొద్దు. దారాన్ని ఒకసారి హెడ్ ట్యూబ్ పైఅంచు దగ్గర, ఒకసారి కింది అంచు దగ్గర ఉంచి కొలవండి. రెండు చోట్లా తేడా ఒకేలా ఉంటే వెనక త్రికోణం మాత్రమే పక్కకు జరిగింది. పైన ఒకలా, కింద ఒకలా వస్తే హెడ్ ట్యూబ్, సీట్ ట్యూబ్ ఒకదానికొకటి మెలితిరిగి ఉన్నాయి. అది మరింత చిక్కైన జబ్బు, దాని దగ్గరకు కాసేపట్లో వద్దాం.

ఒక హెచ్చరిక. కొన్ని ఫ్రేమ్‌లను కావాలనే ఒకవైపుకు జరిపి చేస్తారు. కానన్‌డేల్ అనే సైకిల్ కంపెనీ వాళ్ల ఏఐ (అసిమెట్రిక్ ఇంటిగ్రేషన్) పద్ధతిలో వెనక భాగం కుడివైపుకు 6 మి.మీ. జరిగి ఉంటుంది, చక్రాన్ని దానికి తగ్గట్టు డిష్ చేస్తారు, అంటే స్పోక్స్ బిగింపుతో రిమ్మును పక్కకు జరుపుతారు. మీ ఫ్రేమ్ అలాంటి లెక్కతో గీసిందైతే దారం పరీక్షలో తేడా రావాల్సిందే. డ్రాయింగ్ ముందు పెట్టుకుని కొలవండి.

వెనక చక్రంతో పరీక్ష

నా మటుకు నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఈ పరీక్షే. దారం డ్రాపవుట్ల నడిమధ్య ఎక్కడుందో మాత్రమే చెబుతుంది. ఒక డ్రాపవుట్ కాస్త పైకో, కాస్త వెనక్కో ఉంటే దారానికి పట్టదు. చక్రానికి పడుతుంది.

చైన్ లేకుండా, డిస్క్ బ్రేకు ఉంటే దాని పళ్లెం (రోటార్) విప్పేసి, చక్రం బిగించండి. ఇరుసు రెండు వైపులా డ్రాపవుట్ అడుగుదాకా కూర్చుందో లేదో చూడండి. ఫ్రేమ్‌ను స్టాండుకు వేలాడదీసి బిగిస్తే ఇరుసు ఓరగా కూర్చునే అవకాశం ఎక్కువ. నేల మీద నిలబెట్టి, పై నుంచి బరువు వేసి బిగించడం మేలు. టైరు పక్కలను నమ్మొద్దు, అది సరిగా కూర్చోకుండా అటూ ఇటూ ఉంటుంది. రిమ్ముకే కొలవండి. రిమ్ముకు కూడా కొంచెం సొట్ట ఉండొచ్చు కాబట్టి వాల్వ్ రంధ్రాన్ని గుర్తుగా పెట్టుకుని, ప్రతిసారీ రిమ్ములో అదే చోటును కొలిచే దగ్గరికి తెచ్చుకోండి.

కొలవాల్సినవి రెండు చోట్లు: చైన్ స్టేల మధ్య, బాటమ్ బ్రాకెట్ వెనక ఒకటి, సీట్ స్టేల (సీటు కింద నుంచి వెనక ఇరుసుకు దిగే రెండు గొట్టాలు) మధ్య, పైన వాటిని కలిపే బ్రేకు బ్రిడ్జి దగ్గర ఒకటి. రెండు చోట్లా కుడి ఖాళీ, ఎడమ ఖాళీ రాసుకోండి. తర్వాత చక్రం తీసి, కేసెట్ (వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి) ఎడమకు వచ్చేలా తిరగేసి బిగించి మళ్లీ రాయండి. కేసెట్ ఎడమ చైన్ స్టేకు తగిలేలా ఉంటే ముందే విప్పేయండి.

ఒక లెక్క చేసి చూపిస్తాను. బ్రిడ్జి దగ్గర మొదటిసారి ఎడమ ఖాళీ 9, కుడి ఖాళీ 5. అంటే చక్రం నడుమ నుంచి 2 మి.మీ. కుడికి ఉంది. తిరగేశాక రెండు ఖాళీలూ 7, అంటే నడిమధ్యలో ఉంది. చూడగానే "తిరగేస్తే బాగయింది, ఫ్రేమ్‌లో తప్పేం లేదు" అనిపిస్తుంది. కాదు. రెండు ఫలితాల సగటు ఫ్రేమ్ వాటా: రెండు, సున్నాల సగటు 1 మి.మీ. రెండిటి తేడాలో సగం చక్రం వాటా: అదీ 1 మి.మీ. ఇద్దరూ సమానంగా తప్పు చేశారు. మొదటిసారి తప్పులు కలిశాయి, రెండోసారి ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. ఒక్కసారే కొలిస్తే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

చక్రం వాటా తీసేశాక మిగిలినదాన్ని ఇలా చదవండి. చైన్ స్టేల దగ్గర నడుమన ఉండి, పైన బ్రిడ్జి దగ్గర పక్కకు పోతే, ఒక డ్రాపవుట్ రెండోదానికంటే ఎత్తులో ఉంది. బ్రిడ్జి దగ్గర బాగుండి, చైన్ స్టేల దగ్గర పక్కకు పోతే, ఒక డ్రాపవుట్ వెనక్కి ఉంది, అంటే రెండు చైన్ స్టేల పొడవు ఒకటి కాదు. రెండు చోట్లా ఒకే వైపుకు, ఇంచుమించు ఒకే అంత పోతే, మొత్తం వెనక త్రికోణమే పక్కకు జరిగింది. దారం పరీక్ష ఈ చివరిదాన్ని ముందే చెప్పి ఉండాలి. రెండూ ఒకే మాట చెప్పకపోతే ఎక్కడో కొలత తప్పింది, మొదటికి వెళ్లండి.

డ్రాపవుట్ ఎత్తులో తేడా ఎంత చిన్నదైనా ఎందుకంత గట్టిగా కనిపిస్తుందంటే, ఇరుసు పొడవు 130, రిమ్ము వ్యాసంలో సగం 311 మి.మీ. ఒక మిల్లీమీటరు ఎత్తు తేడా రిమ్ము పైభాగం దగ్గరికి వచ్చేసరికి 2.4 మి.మీ. అవుతుంది. మరోలా చెప్పాలంటే, బ్రిడ్జి దగ్గర 2.4 చూసి బెంబేలెత్తకండి. తప్పు ఒక మిల్లీమీటరుదే.

డ్రాపవుట్లు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయా

వెడల్పు సరిపోయి, నడుమ సరిపోయి కూడా డ్రాపవుట్ల ముఖాలు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోవచ్చు. అలాంటి ఫ్రేమ్‌లో హబ్బు బిగించిన ప్రతిసారీ ఇరుసు వంగి కూర్చుంటుంది. గేర్ల గుత్తిని మరతో బిగించే (ఫ్రీవీల్) పాత తరహా హబ్బుల్లో ఇరుసులు మాటిమాటికీ విరగడానికి ఇదొక కారణం.

వర్క్‌షాపుల్లో దీనికి పార్క్ టూల్ వాళ్ల ఎఫ్‌ఎఫ్‌జీ-2 లాంటి జంట గేజీలు వాడతారు. ఇంట్లో మన బోల్టులు చాలు. ఒక్కో డ్రాపవుట్‌లో ఒక్కో బోల్టును, కొసలు లోపలికి చూసేలా, రెండు వైపులా వాషర్లు వేసి నట్టుతో బిగించండి. కొసల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. కొసలు ఎదురెదురుగా కలిస్తే మంచిది. ఒకటి పైకి, ఒకటి కిందికి చూస్తుంటే డ్రాపవుట్ మెలితిరిగింది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి చూస్తుంటే పక్కకు తిరిగింది. బోల్టులే వంకరగా ఉండొచ్చు కదా? ఉంటాయి. అందుకే నట్టు వదులు చేసి, బోల్టును అర చుట్టు తిప్పి మళ్లీ బిగించండి. కొస చోటు మారితే, ఆ రెండు చోట్ల మధ్యనున్నదే అసలు దిశ.

త్రూ యాక్సిల్ ఫ్రేమ్‌లకు ఇంత శ్రమ లేదు. ఇరుసును చక్రం లేకుండా, గ్రీజు పెట్టి, వేళ్లతో తోయండి. అవతలి మరలోకి వేళ్లతోనే ఎక్కాలి. ఎల్లెన్ కీతో బలవంతంగా తిప్పాల్సి వస్తే అక్కడే ఆపేసి, ఫ్రేమ్ చేసినవాళ్లకు చెప్పండి.

హెడ్ ట్యూబ్, సీట్ ట్యూబ్ మెలిక

సైకిల్ నడకను నిజంగా పాడుచేసేది ఇదే. ముందు చక్రం ఒక తలంలో, వెనక చక్రం ఒక తలంలో తిరుగుతుంటే చేతులు వదలగానే తెలిసిపోతుంది.

ఫ్రేమ్‌ను నిలబెట్టి, ముందు వైపు మూడు మీటర్ల దూరం వెళ్లి, ఒక కన్ను మూసి, హెడ్ ట్యూబ్ అంచును వెనకనున్న సీట్ ట్యూబ్ అంచుతో కలపండి. తల కాస్త పక్కకు జరుపుతూ రెండు అంచులనూ ఒకదాని పక్కకు ఒకటి తెస్తే వాటి మధ్య సందు పైనుంచి కిందికి ఒకేలా ఉండాలి. సందు చీలికలా ఒకవైపు సన్నబడితే మెలిక ఉన్నట్టే. వడ్రంగులు చెక్క మెలితిరిగిందో లేదో చూడటానికి రెండు కొసల మీదా రెండు పట్టీలు పెట్టి చూస్తారే, అదే కిటుకు ఇది. కింద లావుగా ఉండే హెడ్ ట్యూబ్‌లైతే అంచును కాదు, నడిమి గీతను చూడాలి.

హెడ్ ట్యూబ్ పొట్టిది, 150 మి.మీ. గొట్టంలో మెలిక కంటికి ఆనదు. దాన్ని పొడిగించండి. హెడ్ ట్యూబ్ కొసల్లో బేరింగులు కూర్చునే హెడ్‌సెట్ కప్పుల్లోంచి సరిగ్గా పట్టే నిటారైన గొట్టాన్ని దూర్చి, సీట్ ట్యూబ్‌లో పొడవాటి సీట్ పోస్టు పెట్టండి. హెడ్ ట్యూబ్ పొడవులో ఒక మిల్లీమీటరు తేడా 600 మి.మీ. గొట్టం మీద నాలుగు మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. చూశాక గొట్టాన్ని దాని చోటులోనే అర చుట్టు తిప్పి మళ్లీ చూడండి. గొట్టమే వంకరైతే మెలిక కూడా వైపు మారుతుంది.

బాటమ్ బ్రాకెట్, ఫోర్క్, హ్యాంగర్

బాటమ్ బ్రాకెట్ షెల్ (అక్కడుండే అడ్డ గొట్టం) ముఖాల మీద పెయింట్ ఉంటే కొలతకు అర్థం లేదు, ముందు ఫేసింగ్ చేయించండి, అంటే ఆ ముఖాలను చదునుగా కోయించండి. తర్వాత అల్యూమినియం పట్టీని షెల్ ముఖానికి ఆనించి పైకి పట్టుకుని, పట్టీకీ సీట్ ట్యూబ్‌కూ మధ్య ఖాళీని కింద ఒకచోట, పైన ఒకచోట కొలవండి. అదే పట్టీ అవే కొసలతో రెండోవైపూ పెట్టాలి. 68 మి.మీ. షెల్, 28.6 మి.మీ. సీట్ ట్యూబ్ అయితే ప్రతి వైపూ 19.7 రావాలి. ఇక్కడ కొద్దిగా తేడా ఉన్నా తొక్కేవాళ్లకు సాధారణంగా తెలియదు, చైన్ లైను (చైన్ నడిచే గీత) మాత్రం కాస్త మారుతుంది. నేనైతే దీని మీద నిద్ర పాడుచేసుకోను. కానీ ఫ్రేమ్ చేసేవాళ్లలో చాలామంది మిగతా కొలతలన్నీ ఈ ముఖం నుంచే తీస్తారు, కాబట్టి వాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ అంకె పనికొస్తుంది.

ఫోర్క్ తప్పు, ఫ్రేమ్ తప్పు తొక్కేటప్పుడు ఒకేలా ఉంటాయి. అందుకే ఫోర్క్‌ను (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) విడిగా చూడాలి. చక్రం పెట్టి క్రౌన్ (రెండు కాళ్లూ పైన కలిసే చోటు) కింద రెండు ఖాళీలు కొలిచి, చక్రం తిరగేసి మళ్లీ కొలవండి. లెక్క వెనక చక్రానిదే. తర్వాత ఫోర్క్‌ను బల్ల మీద పడుకోబెట్టి, రెండు కాళ్ల మీదా అడ్డంగా ఒక స్కేలు క్రౌన్ దగ్గర, ఇంకో స్కేలు డ్రాపవుట్ల దగ్గర పెట్టి ఒక కొస నుంచి చూడండి. రెండు స్కేళ్లూ సమాంతరంగా లేకపోతే ఒక కాలు ముందుకు వచ్చింది.

గేర్ హ్యాంగర్‌ను (వెనక గేర్లు మార్చే డిరైలర్ వేలాడే కొక్కెం) అన్నిటికంటే చివర్లో చూడండి. డ్రాపవుట్ సరిగా లేనప్పుడు హ్యాంగర్‌ను సరిచేస్తే తర్వాత మళ్లీ చేయాల్సిందే. హ్యాంగర్‌లో బిగించిన గేజీ కర్రను రిమ్ము చుట్టూ తిప్పి, కర్రకూ రిమ్ముకూ మధ్య ఖాళీ చూస్తే తేడా 4 మి.మీ. లోపు ఉండాలి.

తేడా తేలాక

నా లెక్కలో దారం దగ్గర కుడి ఎడమల తేడా 2 మి.మీ. వరకు, డ్రాపవుట్ ఎత్తులో అర మిల్లీమీటరు వరకు ఫర్వాలేదు. చేత్తో చేసిన పనిలో సున్నా అడగడం అన్యాయం. హెడ్ ట్యూబ్ మెలిక విషయంలో మాత్రం కంటికి స్పష్టంగా కనిపించేదాన్ని ఒప్పుకోవద్దు.

ఉక్కు ఫ్రేమ్‌ను చల్లగా ఉన్నప్పుడే వంచి సరిచేయొచ్చు, చేసినవాళ్లు అలాగే చేస్తారు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేమ్‌లను వంచే ప్రయత్నం ఎవరు చేస్తామన్నా చేయనివ్వకండి. టైటానియం స్ప్రింగులా వెనక్కి వస్తుంది కాబట్టి అది చేసినవాళ్ల చేతికే వదిలేయాలి. ఉక్కైనా ఇంట్లో మీరు లాగకండి. చైన్ స్టేలు రెండూ సమానంగా వంగవు, బలహీనమైనది ముందు వంగుతుంది, అప్పటిదాకా లేని తేడా కొత్తగా వస్తుంది. పైగా మీరు వంచాక అసలు తప్పు ఎవరిదో తేల్చడం కష్టం.

ఫోన్ చేసేముందు కాగితం సిద్ధం చేసుకోండి: డ్రాపవుట్ల వెడల్పు, దారం కొలతలు నాలుగు (హెడ్ ట్యూబ్ పైన, కింద), చక్రం కొలతలు ఎనిమిది (రెండు చోట్లు, రెండు వైపులు, తిరగేయకముందు, తిరగేశాక), వాల్వ్ రంధ్రం, కాలిపర్ అంకె కనిపించేలా తీసిన ఫోటోలు. "ఎడమకు లాగుతోంది" అన్న మాటకు ఆయన నన్ను అడిగినట్టే మిమ్మల్నీ ఏదో ఒకటి అడుగుతాడు. "ఎడమ డ్రాపవుట్ ఒక మిల్లీమీటరు ఎత్తులో ఉంది, చక్రం తిరగేసినా అదే చెబుతోంది" అంటే మాత్రం ఫ్రేమ్ ఎప్పుడు పంపుతారని అడుగుతాడు.